బొట్టు పెట్టవలసిన ఇళ్ళు

ఇప్పటి కుంకుమ ఉతికితే పోదు. ఈ ఫిర్యాదు ఏ ఆఫీసులో ఇవ్వాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. పూర్వం ఇంట్లోనే పసుపుతో చేసుకునేవారట, బట్ట మీద పడితే దులిపితే రాలిపోయేదట. ఇప్పుడు పొట్లాల్లో వచ్చేది కుంకుమో, గోడలకి వేసే రంగో అమ్మేవాడికే తెలియదు. నాకొక తెల్లచొక్కా ఉండేది. పెళ్ళిళ్ళకి, ఇంటర్వ్యూలకి, సంతాపసభలకి అదే వేసుకునేవాణ్ణి. దాని జేబు అడుగున అరచెయ్యంత ఎర్రమరక పడింది. సబ్బులు మార్చాం. నిమ్మచెక్క రుద్దాం. ఎవరో చెప్పారని కిరసనాయిలు కూడా పోశాం. కిరసనాయిలు వాసన ఆరునెలలకి పోయింది, మరక పోలేదు. ఆఖరికి ఆ చొక్కా చింపి స్కూటరు తుడవడానికి పెట్టాను. స్కూటరుకి కూడా కొంచెం అంటింది.

మా అక్క మున్సిపల్ ఎన్నికల్లో నిలబడ్డప్పటి మరక అది.

అప్పట్లో నేను అనకాపల్లిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పేవాణ్ణి. స్థానిక స్వపరిపాలన మా సిలబస్‌లో పది మార్కుల ప్రశ్న. ఆ పాఠం చెప్పేటప్పుడు ఇంగ్లండులో జిల్లా కౌన్సిళ్ళ ఎన్నికల ముచ్చట ఒకటి కలిపేవాణ్ణి. అది పుస్తకంలో లేదు, ఎవరో చెప్పగా విన్నది. అక్కడ అభ్యర్థి ఒక్కడే వస్తాడట. తలుపు తడతాడట. ఫలానావాణ్ణి, నిలబడుతున్నాను అని చెప్పి, ఒక కాగితం చేతిలో పెట్టి, వానెలా ఉందో ఒక మాట అనుకుని వెళ్ళిపోతాడట. మైకు లేదు, డప్పు లేదు, దండ లేదు. వెనకబెంచీలో కోటవురట్ల నుంచి వచ్చే కుర్రాడొకడు ఒకసారి లేచి, “మరి ఓటెయ్యాలని జనానికెలా అనిపిత్తాది సార్?” అని అడిగాడు. నేను తరవాతి పేరాకి వెళ్ళాను.

ఇక మా బావ. మా అక్క భర్త. బెల్లం మార్కెట్లో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. బెల్లం దిమ్మని వేలితో మీటి, రంగు చూసి, నాలిక్కి తగలకుండానే రుచి చెప్పగలడని మార్కెట్లో పేరు. మనుషుల్ని కూడా అలాగే చెప్పగలనని అతని నమ్మకం. ఆ రెండోదానికి సాక్ష్యం లేదు.

పదేళ్ళుగా అతను మా వార్డుకి కౌన్సిలర్ కావాలని సాధన చేస్తున్నాడు. సాధన అంటే, ఎవరు పోయినా పాడె దగ్గర అందరికంటే ముందుండేవాడు, ఎవరింట్లో పెళ్ళయినా అందరికంటే ఆఖర్న తినేవాడు. తీరా ఎన్నికలొచ్చేసరికి మా వార్డు ఆడవాళ్ళకి రిజర్వయింది. ఆ వార్త విన్న బావ రెండురోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, మా అక్కని నిలబెడుతున్నానని ప్రకటించాడు.

“ఏటుంది బావా ఇందులో,” అన్నాడు నాతో. “పేరు మీ అక్కది, పని నాది. సంతకం దగ్గర ఆవిడుంతాది, మిగతాసోట్ల నానుంతాను.”

“నెగ్గితే మీటింగుకి ఎవరెళతారు?”

“అది నెగ్గినాక సూద్దారి. సివిక్సు క్లాసు ఇప్పుడెట్టకు.”

అతనికి తెలియనిదేమిటంటే, అక్క ఈ పనిని నిజం అనుకుంది.

అక్క ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో పదకొండేళ్ళుగా మూడో తరగతికి పాఠాలు చెబుతోంది. మా వీధి చివర కొళాయి ఒకటుంది. దానిలోంచి నీళ్ళకన్నా గాలే ఎక్కువ వచ్చేది. ఆ కొళాయి గురించి అక్క ఆరేళ్ళుగా మున్సిపాలిటీకి అర్జీలు పెడుతోంది. మూడో తరగతి పిల్లలకి నల్లబల్ల మీద రాసే గుండ్రటి అక్షరాలతోనే అర్జీలూ రాసేది. అక్కడి గుమస్తా ఒకసారి, “మీ రైటింగ్ చాలా బాగుంటుందండి మేడం,” అన్నాట్ట. ఆరేళ్ళలో మున్సిపాలిటీ వైపు నుంచి వచ్చిన సమాధానం అదొక్కటే.

నామినేషన్ వేసిన మర్నాడు స్కూలు కరస్పాండెంటు అక్కని పిలిచి, రాజకీయాలో పాఠాలో ఏదో ఒకటి తేల్చుకోమన్నాడు. అక్క సాయంత్రానికి తేల్చుకుని వచ్చేసింది. పదకొండేళ్ళ ఉద్యోగం ఒక చేతిసంచిలో పట్టింది. టిఫిన్ డబ్బా, ఒక డస్టరు, ఎర్రసిరా పెన్నులు నాలుగు. తిన్నగా మా ఇంటికే వచ్చి సంచి కిందపెట్టి, “ఒరే, ఓడిపోతే మళ్ళీ తీసుకోరు. ఆయన మొహం మీదే చెప్పేశాడు,” అంది. చెప్పులు విప్పుతూ, “మీ బావకి చెప్పకు. ఊరికే కంగారుపడతాడు. సెలవు పెట్టేనని చెప్పేను,” అంది.

కాబట్టి ఆ ఇంట్లో ఎన్నిక ఒకరికి సరదా, ఒకరికి ఉద్యోగం. ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలిసినందుకు నేను చేసిన ఘనకార్యమేమిటో ముందుముందు వస్తుంది.

మా వార్డులో గట్టి పోటీ ఇచ్చే మనిషి ఒక్కావిడే. రైలుగేటు దగ్గర ఇడ్లీల దుకాణం నడుపుకునే ఆవిడ. భర్త పోయి ఏడేళ్ళయింది. ఇద్దరికీ పార్టీల్లేవు, స్వతంత్ర అభ్యర్థులు. గుర్తులు పంచినప్పుడు ఆవిడకి గొడుగు వచ్చింది, మాకు బీరువా వచ్చింది.

ఆ తేడా ఎంతటిదో మొదట్లో మాకు తెలియలేదు. అది ఓ పూట ఎండా ఓ పూట వానా ఉన్న కాలం. ఆవిడ తన పాతగొడుగు వేసుకుని వీధిలో నడిస్తే అదే ప్రచారం. బీరువాతో అలా నడవడానికి వీల్లేదు.

“నిజం బీరువానే తిప్పుదుం,” అన్నాడు బావ. “జనం కళ్ళతో సూడాలి.”

ఆ నిజం బీరువా మాది. అద్దం ఉన్న స్టీలు బీరువా, మా ఆవిడ పుట్టింటివాళ్ళు ఇచ్చింది. నలుగురు కళాసీలు, అంటే మార్కెట్లో బస్తాలు మోసేవాళ్ళు, వచ్చి దాన్ని రిక్షా బండి మీదకి ఎత్తి తాళ్ళతో కట్టారు. మా ఆవిడ చీరలన్నీ పదిహేనురోజులు మంచం మీద ఉన్నాయి. మేం నేల మీద ఉన్నాం.

మా ఇంటి అరుగే ఎన్నికల ఆఫీసు. బావ ఇంటి అరుగు ఇరుకని మాది తీసుకున్నారు. అంచేత పొద్దుట ఆరింటి నుంచి బావ స్నేహితులు, కళాసీలు, ఊరికే వచ్చి కూర్చునేవాళ్ళు, అందరికీ టీలు మా ఇంట్లోనే. పెట్టేది మా అమ్మ. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ నా దగ్గరే ఉంటోంది. “అత్తా, నాలుగు టీ,” అని బావ అరుగు మీంచి కేకేస్తే, లోపల్నించి గిన్నె చప్పుడు వినబడేది. కాసేపటికి నాలుగు గ్లాసులు గడప దాకా వచ్చేవి.

మొదటిరోజు ఆ అరుగు మీదే వ్యూహం తయారైంది.

“ఇంటింటికీ ఎల్లి బొట్టెట్టి ఓటడుగుదుం,” అన్నాడు బావ. “పేరంటానికి పిలిసినట్టు. బొట్టెట్టి పిలిత్తే రానన్న ఆడమనిసి ఈ ఊళ్ళో పుట్నేదు.”

అందరూ బాగుందన్నారు. బావ ఇంకా ముగించలేదు. మోకాలు మీద చరుచుకుని, “అసలు కిటుకు అది కాదురా. ఆ గొడుగావిడ ఎట్టలేదు గదా! ఆవిడ సేత బొట్టెవులెట్టించుకుంతారు?” అన్నాడు.

కళాసీలు నవ్వారు. నాకది మర్యాదగా అనిపించలేదు. అనిపించలేదని చెప్పడానికి తగిన మాట వెతుక్కుంటూ ఉండగా టీ వచ్చింది. టీ తాగేసరికి సంగతి చర్చివీధి మీదకి వెళ్ళిపోయింది.

మా వార్డులో మూడోవంతు ఇళ్ళు క్రైస్తవులవి. వాళ్ళింటికి కుంకుమభరిణె పట్టుకుని వెళ్ళడం ఎలాగ? దీనిమీద గంటన్నర చర్చ జరిగింది. బొట్టు బదులు పువ్వు ఇద్దామని ఒకరు, పువ్వూ వద్దు పటిక బెల్లం ఇద్దామని ఇంకొకరు. కేథలిక్కు వాళ్ళలో కొంతమంది బొట్టు పెట్టుకుంటారు కదా, వాళ్ళని వదిలేస్తే నొచ్చుకోరా అని మరొకరు. ఆఖరికి అక్క లోపల్నించి వచ్చి, “ఆ పిల్లలందరికీ ఎక్కాలు నేర్పింది నేనే. చేతులు జోడించి వందనాలండీ అని, వాళ్ళ పిల్లలెలా చదువుతున్నారో అడిగితే చాలు. ఇంత చర్చ ఎందుకు?” అంది. అలాగే నిర్ణయమైంది. ఒక్క మనసు కూడా నొప్పించకూడదని అంతసేపు తలలు పగలగొట్టుకున్నందుకు మమ్మల్ని చూసి మేమే ముచ్చటపడ్డాం.

జాబితా తయారు చెయ్యడం నాకు అప్పగించారు. చదువుకున్నవాణ్ణి కదా.

ఓటర్ల జాబితా తెచ్చుకుని వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. మగవాళ్ళని వదిలేసి ఆడవాళ్ళ పేర్లే తీసుకున్నాను. బొట్టు పెట్టవలసిన పేరు పక్కన టిక్కు. వందనాలు చెప్పవలసిన పేరు పక్కన చిన్న సున్నా. భర్త పోయినవాళ్ళకి బొట్టు పెట్టరు కాబట్టి ఆ పేరు మీద గీత. పెట్టడం తప్పు. భరిణె పట్టుకుని వాళ్ళ ఎదట నిలబడి, పక్కనున్న కోడలికి మాత్రం పెట్టి రావడం ఇంకా ఇబ్బంది. అందుకని అలాంటివాళ్ళు ఒక్కళ్ళే ఉన్న గుమ్మం దగ్గర ఆగకుండా వెళ్ళడమే మర్యాద అని తేల్చాం. ఎవరో గట్టిగా తేల్చలేదు. ఎవరూ కాదనకపోవడం వల్ల తేలింది.

ఎవరి భర్త ఉన్నాడో ఎవరికి పోయాడో నాకెక్కడ తెలుసు? అమ్మకి తెలుసు. బియ్యంలో రాళ్ళేరుకుంటూ చెప్పింది. నేను పేరు చదివేవాణ్ణి, అమ్మ చాటలోంచి తలెత్తకుండా చెప్పేది.

“దానాయన బానే ఉన్నాడు, తాగుతాడు గాని. టిక్కు ఎట్టు.”

“ఈవిడో?”

“మొన్న మాఘానికి రెండేళ్ళు. గీసీ.”

“ఈవిడ?”

“ఆయన ఎటో ఎల్లిపోయి పన్నెండేళ్ళు. ఉన్నాడో నేడో. దానికి బొట్టుంది. టిక్కు ఎట్టు.”

నాకు స్కేలు లేకుండా గీత గియ్యడం చేతకాదు. ప్రతి పేరు మీదా స్కేలు పెట్టి, ఎర్రసిరాతో, అక్షరాల మధ్యనుంచి తిన్నగా గీశాను. పెన్ను అక్క స్కూలు నుంచి తెచ్చిందే. అయ్యాక చూసుకుంటే జాబితా అచ్చువేసినట్టు వచ్చింది. బావ దాన్ని పైకెత్తి అందరికీ చూపించి, “సదువంటే ఇదిరా,” అన్నాడు. ఆ ఎన్నికల్లో నాకు దక్కిన ప్రశంస అదొక్కటే. సిగ్గులేకుండా సంతోషించాను.

ప్రచారం మొదలుపెట్టడానికి బావ మంచి ఘడియ చూయించాడు. మొదటి బొట్టు మా ఆవిడకే. గుమ్మంలో అక్క భరిణెతో నిలబడింది, బండి మీద బీరువా మెరుస్తోంది, కళాసీలు డప్పుకి సిద్ధంగా ఉన్నారు. బావ వీధి అటూ ఇటూ చూసి, “ఎవులూ ఎదురు రాకుండా సూడండ్రా,” అన్నాడు. వీధిలో ఎవరూ లేరు. నేను లోపలికి తిరిగి చూసేసరికి అమ్మ అప్పటికే పెరట్లోకి వెళ్ళిపోయింది. ఎవరూ చెప్పలేదు. ఆవిడే వెళ్ళింది. పెరటి తలుపు తనే దగ్గరగా వేసుకుంది కూడా. డప్పు మొదలైంది, మేం బయల్దేరాం.

తరవాతి రెండువారాల గురించి తల్చుకుంటే ఇప్పటికీ నడుం నొప్పి పుడుతుంది. బీరువా అడుగుకొకసారి ఒరిగేది. గతుకు వచ్చినప్పుడల్లా దాని తలుపు తెరుచుకుని, అరలో పెట్టిన కరపత్రాలు వీధి మీద పడేవి. అద్దం మీద ఎండ పడి మేడల మీద నిలబడ్డవాళ్ళ కళ్ళలో కొట్టేది. దారిన పోయేవాళ్ళు ఆగి ఆ అద్దంలో తల దువ్వుకుని పోయేవారు. దాన్ని బావ జనాదరణ అన్నాడు. చర్చివీధి మలుపులో బండి చక్రం కాలవలోకి దిగిపోతే, దాన్ని లేపడానికి గొడుగావిడ మనుషులే వచ్చి సాయంపట్టారు. బావ వాళ్ళకి కూడా కరపత్రాలిచ్చాడు. ఆ వీధి పాస్టరుగారు బయటికి వచ్చి, అక్క గెలుపు కోసం కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశారు. మేం పొంగిపోయాం. ముందురోజు గొడుగావిడ కోసం కూడా అంతసేపూ చేశారని తరవాత తెలిసింది. ఆయన ఎవరికీ తక్కువ చెయ్యలేదు.

నా పని, జాబితా చూసి ఇంటి నంబరు అరవడం, భరిణెలో కుంకుమ అయిపోతే జేబులోంచి పొట్లం తీసి ఇవ్వడం. చెమటకి పొట్లం తడిసి కారేది. చొక్కా సంగతి ముందే చెప్పాను.

ఒకరోజు మధ్యాహ్నం ఒక పెంకుటిల్లు వచ్చింది. జాబితాలో ఒకటే పేరు, దాని మీద గీత. “తరవాతి ఇల్లు,” అన్నాను. ఇంతలో డప్పు విని లోపల్నించి ఒక పెద్దావిడ వచ్చింది. తడిచేతులు చీరకి తుడుచుకుంటూ, నవ్వుతూ గబగబా రెండు మెట్లు దిగింది. అక్కని గుర్తుపట్టింది. ఆవిడ మనవడు అక్క దగ్గర చదువుకున్నవాడే. అప్పుడు అక్క చేతిలో భరిణె చూసింది. చూసి, ఆ రెండు మెట్లూ వెనక్కి ఎక్కి, తలుపు వార నిలబడింది. మేం పోవడానికి దారి ఇచ్చినట్టు.

అక్క అడుగు ఆగింది. “ఒరే తమ్ముడూ, ఒక మాట మాట్లాడి వస్తాను,” అంది.

బావ వెనకనుంచి, “ఏటి మాటాడతావు, సేతిలో కుంకుం ఎట్టుకుని? ఆయమ్మకి బాధ, నీకు బాధ. ఇంకా నలబై గుమ్మాలున్నాయి, నడు నడు,” అన్నాడు.

అక్క నా వంక చూసింది. చదువుకున్నవాణ్ణి కదా, ఏదో అంటానని. నేను జాబితా వంక చూశాను. జాబితాలో గీత స్పష్టంగా ఉంది. “పదక్కా, పొద్దుపోతోంది,” అన్నాను.

పూడిమడక నుంచి చేపలబుట్టతో మా వీధికొచ్చే ఒకావిడ ఉండేది. ఆవిడకి మా వార్డులో ఓటు లేదు కాని, మా వార్డులో ఆవిడకి తెలియని వంటిల్లు లేదు. పోలింగుకి నాలుగురోజుల ముందు నన్ను మలుపులో ఆపి, బుట్ట దింపించుకుంది.

“బాబూ, మీ అక్కది మంచి సెయ్యి. కాని గెలవదు.”

“ఎందుకని?”

“మీరు బొట్టెట్టి ఎల్లిపోతన్నారు. ఆ గొడుగమ్మ కూకుంతంది. ఈది గుమ్మంలోంచి రాదు, పెరటి గుమ్మంలోంచి వత్తాది. పిడకలకాడ, నూతికాడ, ముసలోళ్ళ పక్కన కూకుని కాళ్ళు నొక్కుతాది. కూకున్నోళ్ళకే ఏత్తారు బాబూ.”

ఈ మాట అరుగు మీద చెప్పాను. బావ గట్టిగా నవ్వి, “సేపలమ్మి సెప్పిందని ఇప్పుడు పెరళ్ళంట తిరుగుదుమా? బీరువా పెరట్లో పడతాదేటి?” అన్నాడు. బీరువా పెరట్లో పట్టదు. నిజమే. “అత్తా, ఆరు టీ,” అన్నాడు బావ.

పోలింగు రోజు నేను అక్క తరఫున ఏజెంటుగా బూతులో కూర్చున్నాను. వచ్చినవాళ్ళ పేరు చూసి నా జాబితాలో గుర్తు పెట్టుకోవడం పని. టిక్కులవాళ్ళు వచ్చారు, చాలామంది కాదు. అక్క పెట్టిన బొట్టు కాదు కాని, అందరి మొహాన బొట్లున్నాయి, అందుకే నాకు ధైర్యంగా ఉంది. సున్నాలవాళ్ళు చర్చికి వెళ్ళినట్టు గుంపుగా వచ్చి గుంపుగా వెళ్ళారు. గీతలవాళ్ళు కూడా వచ్చారు. ఒక్కళ్ళు కూడా మానకుండా వచ్చారు. నడవలేనివాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని వచ్చారు. ముసలివాళ్ళకి ప్రజాస్వామ్యం మీద ఎంత గౌరవమో అనుకున్నాను. ఈ సంగతి క్లాసులో చెప్పాలని కూడా అనుకున్నాను.

పదకొండు గంటలకి అమ్మ వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. ఓటరు చీటీ మడత పెట్టి గుప్పిట్లో పట్టుకుంది. నావైపు చూసింది. ఎవరికి వెయ్యాలో బూతులో చెప్పడం నిబంధనలకి విరుద్ధం. మా అమ్మకి అది చెప్పే అవసరమూ లేదు. అందుకని, “జాగ్రత్తమ్మా, అక్కడ మెట్టుంది,” అన్నాను. అమ్మ తలూపి, వేలికి సిరా పెట్టించుకుని, తెర వెనక్కి వెళ్ళింది. అక్కడ కొంచెంసేపు ఎక్కువే ఉంది. కళ్ళు సరిగ్గా కనబడక అనుకున్నాను.

ముప్ఫై ఒక్క ఓట్లతో ఓడిపోయాం.

లెక్కింపు హాలు నుంచి అందరం మా అరుగు మీదకే వచ్చాం, అలవాటు కొద్దీ. బీరువా ఇంకా బండి మీదే ఉంది. తాళ్ళు విప్పడానికి ఎవరికీ చేతులు రావడం లేదు. గేటు వైపు నుంచి గొడుగావిడ ఊరేగింపు డప్పు వినబడుతోంది. ఆ డప్పు కూడా మన కళాసీలదే అని ఎవరో అన్నారు. ఆ నలుగురూ మాతో లేరు కాబట్టి అది నిజమే అయ్యుండాలి.

బావ ఒక్కొక్కరినీ వరసగా తిట్టడం మొదలెట్టాడు. చర్చివీధివాళ్ళు ఇద్దరికీ వందనాలు చెప్పారని, పాస్టరుగారు రెండువైపులా ప్రార్థించారని, బీరువా గుర్తు శని అని, వాన సరిగ్గా ఆవిడ గొడుక్కోసమే పడిందని. “ఎవుడో దగ్గరోడే ఎన్నుపోటు పొడిసేడు బావా,” అన్నాడు. “ఇంట్లో ఓట్లయినా పడ్డాయో లేదో అని అనుమానంగా ఉంది నాకు.” ఈ మాటకి బావ స్నేహితుడొకడు నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడంతో దగ్గుగా మార్చుకున్నాడు.

అక్క మెట్టు మీద కూర్చుంది. పదిహేనురోజులు బొట్లు పెట్టిన ఆ ఉంగరపు వేలు గోరు దాకా ఎర్రబడి ఉంది. దాన్ని బొటనవేలితో రుద్దుకుంటోంది. అది పోయేది కాదని నాకు తెలుసు. మర్నాడు సోమవారం. పదకొండేళ్ళలో సోమవారం పొద్దున్న ఆవిడకి వెళ్ళడానికి చోటు లేకపోవడం అదే మొదటిసారి. ఆ సంగతి అరుగు మీద ఇద్దరికే తెలుసు.

“ఎవరెయ్యలేదో తెలిస్తే బాగుణ్ణు,” అంది మెల్లిగా. “తిట్టడానికి కాదు. ఎక్కడ తప్పు చేసేనో తెలుసుకుందామని. పిల్లాడు లెక్క తప్పితే ఏ మెట్టు దగ్గర తప్పాడో చూపిస్తాం కదా. అలాగ.”

నేను జాబితా తీశాను. ఏదో ఒకటి చెయ్యాలి కదా. వెనకనుంచి మొదలెట్టి గీతలు లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఒక పేజీలో తొమ్మిది, ఇంకో పేజీలో పదకొండు. ముప్ఫై ఒకటి దాటింది. ఇంకా పేజీలున్నాయి. నలభై దాటింది. మూడో పేజీలో మా ఇంటి నంబరు వచ్చింది. మా ఆవిడ పేరు పక్కన టిక్కు. దాని కింది పేరు మీద ఎర్రసిరా గీత, స్కేలు పెట్టి, అక్షరాల మధ్యనుంచి, తిన్నగా. అది గీసినప్పుడు నేను అమ్మని అడిగినట్టు కూడా గుర్తులేదు. అడగవలసిన అవసరం కనబడి ఉండదు. అమ్మ పక్కనే బియ్యం ఏరుకుంటోంది.

“అత్తా, నాలుగు టీ,” అన్నాడు బావ, గొంతులో జీవం లేకుండా.

గిన్నె చప్పుడు వినబడలేదు. అమ్మ ఉత్తచేతులతో గడప దాకా వచ్చింది. గడప దాటి అరుగు మీదకి కూడా వచ్చింది. అందరి ఎదటా నిలబడి, అక్క వేలు వంక చూసింది.

“నానెయ్యనేదమ్మా నీకు,” అంది. “ఆయమ్మ పెరట్లోకొచ్చి, నా పక్కన కూకుని, ఓటడిగింది. మీరు పదేనురోజులూ టీలే అడిగేరు.”